గౌతమి ఒడ్డున న్యాయస్థానము: యానాం నేల, పరిపాలన

గౌతమీ గోదావరికి ఎడమ ఒడ్డున, ఆ నది నుండి కోరింగ పాయ విడివడు చోట యానాం పట్టణము ఉన్నది. నేల మీద దీనికి ఆంధ్రప్రదేశ్ తప్ప మరియొక పొరుగు లేదు. ఒక వైపు కాకినాడ జిల్లాలోని తాళ్ళరేవు మండలపు గ్రామములు. నదికి ఆవలి ఒడ్డున కోనసీమ జిల్లాకు చెందిన ఎదుర్లంక. 2022 లో జిల్లాల పునర్విభజన జరుగు వరకు ఈ రెండు వైపులును తూర్పు గోదావరి జిల్లాయే. యానాం మాత్రము ఆ జిల్లాలో ఏనాడును భాగము కాలేదు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ నేల పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోని నాలుగు భాగములలో ఒకటి. పుదుచ్చేరి, కారైకాల్, మాహే తక్కిన మూడు. 2011 జనగణన యానాంను ఒక జిల్లాగానే లెక్కించి, 55,626 మంది జనాభాను నమోదు చేసినది.

కాకినాడ నుండి వచ్చు బస్సులో కూర్చున్నవారికి సరిహద్దు దాటిన సంగతి తెలియుట కష్టము. అవే వరిచేలు, అవే కొబ్బరి తోటలు, అదే గోదావరి యాస. పెట్రోలు బంకు మీది ధరల పట్టిక చూచినపుడు గాని ప్రభుత్వము మారినదని తోచదు. వానాకాలపు తొలి వరదకు పులస చేప సముద్రము నుండి ఏటికి ఎదురీదునప్పుడు ఏ ప్రభుత్వపు నీటిలో ఈదుచున్నదో చూచుకొనదు. దానిని పట్టు జాలరి మాత్రము చూచుకొనవలెను. పట్టణముతో పాటు కనకాలపేట, మెట్టకూరు, గిరియాంపేట, కురసాంపేట, అడవిపొలము, ఇసుకతిప్ప, దరియాలతిప్ప మొదలైన పేటలును, పల్లెలును ఈ ప్రాంతములో ఉన్నవి. తిప్ప అను మాటతో ముగియు పేర్లు ఈ నేల ఎట్లు పుట్టినదో చెప్పుచున్నవి. ఏరు తెచ్చి వేసిన ఇసుక మీద ఊరు వెలసినది.

గట్టుకు ఇటు, గట్టుకు అటు

సరిహద్దు ఎంత ముఖ్యమో పటము కంటె ఒక పొలము గట్టు చక్కగా చెప్పును. గట్టుకు ఇటు ఒక రైతు, అటు ఒక రైతు. ఇరువురి భాష ఒకటే, పండుగలు ఒకటే. బహుశః వియ్యమందినవారు కూడ. గట్టుకు అటు పొలము తాళ్ళరేవు మండలములోనిది. అక్కడి రైతుకు భూమి తగాదా వచ్చినచో తన జిల్లా న్యాయస్థానములకు పోవును. అప్పీలు అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వరకు సాగవచ్చును. గట్టుకు ఇటు పొలము యానాంలోనిది. ఆ రైతు యానాం న్యాయస్థానము మెట్లెక్కవలెను. అక్కడి తీర్పు మీద జిల్లా కోర్టుకు పోవలసిన పని పడినచో అది పుదుచ్చేరిలో ఉన్నది. ఆ పైన మద్రాసు హైకోర్టు. కాకినాడ ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. పుదుచ్చేరి ఏడు వందల కిలోమీటర్లకు మించిన దూరము. యానాంలో రైల్వే స్టేషను లేదు కనుక పుదుచ్చేరి పోవలసినవాడు కూడ మొదట కాకినాడకే పోయి రైలెక్కును. దగ్గరలోని కోర్టు వాకిలి ముందు నుండి సాగిపోయి దూరపు కోర్టును చేరుకొనుట ఇక్కడి కక్షిదారుని వంతు.

అట్లయినచో కాకినాడలోనే దావా వేసికొనరాదా అని కొందరు అడుగుదురు. వీలు లేదు. స్థిరాస్తిని గూర్చిన దావా ఆ ఆస్తి ఏ న్యాయస్థానపు పరిధిలో ఉన్నదో అక్కడనే వేయవలెనని సివిలు ప్రక్రియా స్మృతి 16వ విభాగము చెప్పుచున్నది. ఇరుపక్షములును సమ్మతించినను ఈ నియమము మారదు. అయితే ఒకే భూమిలో కొంత యానాంలోను, కొంత ఆవలి మండలములోను పడియున్నచో, 17వ విభాగము ప్రకారము రెంటిలో ఏ న్యాయస్థానమునందైనను దావా వేయవచ్చును. సరిహద్దు గ్రామములలో ఇట్టి భూములు గలవారు ఈ సంగతి తెలిసికొని యుండుట మేలు. అప్పు, ఒప్పందము వంటి తగాదాలకు నియమము వేరు. ప్రతివాది నివసించు చోటనైనను, తగాదాకు కారణము పుట్టిన చోటనైనను దావా చెల్లును. అందుచేత తాళ్ళరేవు వర్తకునికి బాకీపడిన యానాం నివాసి మీద యానాంలోనే దావా రావచ్చును. బేరము ఆవల జరిగియున్నచో ఆవలనే రావచ్చును. ఆవలి కోర్టు పంపిన సమను తమకు వర్తించదని దానిని పక్కన పడవేసి, తరువాత ఏకపక్షపు డిక్రీ వచ్చినదని వాపోవుట వలన ప్రయోజనము లేదు.

నేరముల విషయములో సామాన్య నియమము, నేరము జరిగిన చోటనే విచారణ. ఏటి మీద ఈ నియమము చిక్కు తెచ్చును. నడి గౌతమిలో రెండు పడవల వారు కొట్టుకొన్నచో, ఆ క్షణమున పడవలు ఎవరి పరిధిలో ఉన్నవో నీటి మీద గీత గీసి చూపువారెవరు? చట్టము దీనికి సమాధానము ఇచ్చినది. ఏ ప్రాంతములో జరిగినదో నిశ్చయముగా తెలియనపుడు, అందుకు అవకాశమున్న ప్రాంతములలో ఏ ఒక్క న్యాయస్థానమైనను విచారించవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, పోలీసు జోక్యమునకు తగిన నేరమును గూర్చిన ఫిర్యాదును నేరము ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను ఇవ్వవచ్చును. సున్నా నంబరుతో దానిని నమోదు చేసి, తగిన స్టేషనుకు పంపుట అక్కడి అధికారి విధి. కనుక గాయపడినవాడు ఎదుర్లంక ఒడ్డుకు చేరినను, యానాం రేవుకు చేరినను ఇది మా పరిధి కాదు అను మాటతో వెనుదిరుగవలసిన పని లేదు.

సాక్షి మాట, దుబాసీ మాట

పుదుచ్చేరి ప్రాంతపు అధికార భాష తమిళము. 1965 నాటి అధికార భాషా చట్టము యానాంలో తెలుగునకును, మాహేలో మలయాళమునకును చోటిచ్చినది. ఆంగ్లము కూడ వాడుకలో ఉన్నది. హైకోర్టులో వ్యవహారము సాధారణముగా ఆంగ్లములోనే నడచును. ఈ ఏర్పాటులో ఒక సన్నని చీలిక ఉన్నది, దానిలో నుండి న్యాయము జారిపోగలదు. యానాం సాక్షి తెలుగులో చెప్పును. అది ఆంగ్లములో వ్రాతకెక్కును. చెన్నైలో అప్పీలు వినువారికి ఆ వ్రాత తప్ప సాక్షి ముఖము గాని, గొంతు గాని తెలియదు.

పుంత అను మాటను తీసికొనవచ్చును. గోదావరి ప్రాంతములో చేల నడుమ బండ్లు, పశువులు నడుచు బాట పుంత. తరతరములుగా ఊరందరికిని దాని మీద హక్కు ఉన్నదను భావము ఆ మాటలోనే కలదు. దానిని వట్టి కాలిబాట అని అనువదించినచో బండి తోలుకొను హక్కు సందేహములో పడును; రోడ్డు అని వ్రాసినచో అది ప్రభుత్వపు సొత్తు వలె కనబడును. బోదెను వ్రాయువాడు కాలువ అని వ్రాసినచో, చేనికి నీరు పెట్టు పిల్లకాలువ ఏదో, ఊరికంతటికి నీరు తెచ్చు పెద్దకాలువ ఏదో తేడా పోవును. లంక భూమి అన్నపుడు ఏటి నడుమ ఏర్పడి, వరదకు కోసుకొనిపోయి, మరల తేలు నేల అని తెలుగు రాని న్యాయాధికారికి ఎవరైన విప్పి చెప్పవలెను. దుబాసీ పని చిన్నదని తలచువారు ఈ మూడు మాటలను ఆలోచించిన చాలును.

చట్టము సాక్షికి ఇందులో ఒక రక్షణ కల్పించినది. దానిని వాడుకొనువారు మాత్రము తక్కువ. క్రిమినలు విచారణలో సాక్షి వాఙ్మూలము వ్రాసికొన్న తరువాత దానిని ఆతనికి చదివి వినిపించవలెను. ఆతడు చెప్పిన భాషలో గాక మరియొక భాషలో వ్రాసికొని, అది ఆతనికి తెలియనిదైనచో, తెలిసిన భాషలో దాని అర్థమును వినిపించవలెను. తప్పు దొర్లినదని సాక్షి చెప్పినపుడు న్యాయాధికారి దానిని సరిదిద్దవచ్చును. సరిదిద్దనిచో ఆ అభ్యంతరమును నమోదు చేయవలెను. నిందితునికి కూడ తనకు తెలియని భాషలో సాక్ష్యము నడచునపుడు, దానిని తెలిసిన భాషలో వినిపించుకొను హక్కు కలదు. సివిలు దావాలలో అప్పీలు గల వ్యవహారములకు ఇట్టి నియమమే ఉన్నది. బోను దిగు తొందరలో వ్రేలు చూపిన చోట సంతకము పెట్టి వచ్చువారు తమ మాటను తామే ఇతరులకు విడిచి వచ్చినవారగుదురు.

ఫ్రెంచి నాటి జాడ

ఈ చిక్కులకు మూలము ఒక పాత వర్తక స్థావరము. ఫ్రెంచివారు 1723 లో యానాంలో అడుగుపెట్టిరి. లాభము కనబడక 1727 లో విడిచిపోయి 1731 లో మరల వచ్చిరి. ఆంగ్లేయులతో యుద్ధములు జరిగినప్పుడెల్ల ఊరు చేతులు మారుచు, తుదకు ఫ్రెంచివారికే మిగిలినది. చట్టము విషయములో వారు రెండు త్రోవలు తెరచి యుంచిరి. 1819 జనవరి 6 నాటి శాసనముతో ఫ్రెంచి సివిలు స్మృతిని ఇక్కడ ప్రకటించుచునే, దేశీయుల వ్యక్తిగత వ్యవహారములు వారి వారి ఆచారముల ప్రకారమే తీర్చబడునని చెప్పిరి. 1881 లో మరియొక శాసనము చేసిరి. తమ వ్యక్తిగత ధర్మమును విడిచి ఫ్రెంచి స్మృతిని స్వీకరింపదలచిన దేశీయులు అట్లు ప్రకటించవచ్చునని దాని సారాంశము. అట్టివారిని రెనోన్సాన్లు అందురు. ఈ ఏర్పాటు గత చరిత్ర మాత్రమే కాదు. పుదుచ్చేరి ప్రాంతపు రెనోన్సాన్లకు హిందూ వివాహ చట్టము వర్తించదని నేటికిని ఆ చట్టములోనే ఉన్నది.

చుట్టునున్న చట్టమునకును ఇక్కడి చట్టమునకును తేడా ఉన్నపుడు జనము ఏమి చేయుదురో ఇరుగుపొరుగు జిల్లాల పెద్దలకు తెలియును. బాల్యవివాహములను అరికట్టు శారదా చట్టము 1929 లో వెలువడి, 1930 ఏప్రిల్ నుండి బ్రిటిష్ ఇండియాలో అమలునకు వచ్చినది. యానాం బ్రిటిష్ ఇండియా కాదు. కన్నెచెర వీడని పసిపిల్లలను పల్లకీలలో కూర్చుండబెట్టుకొని ఆవలి గ్రామములవారు ఇక్కడికి వచ్చి పెండ్లిండ్లు చేసికొని పోయిరి. ఊరికి కల్యాణపురము అను పేరు వచ్చినది. ఆ పేరును ముచ్చటగా చెప్పుకొనువారు నేటికిని ఉన్నారు గాని, గట్టు దాటించి తప్పించుకొన్న చట్టము ఆ పిల్లల మేలు కొరకే పుట్టినదను మాట దాని వెనుక ఉన్నది.

1954 జూన్ 13 న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విమోచనోద్యమకారులు యానాంను స్వాధీనము చేసికొనిరి. అదే సంవత్సరము నవంబరు 1 న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటి పరిపాలన భారతదేశమునకు వచ్చినది. అప్పగింత ఒడంబడిక మీద 1956 మే 28 న సంతకములు జరిగినను, ఫ్రాన్సు ఆమోదము తరువాత అది అమలునకు వచ్చినది 1962 ఆగస్టు 16 న. ఆ సంవత్సరము నవంబరు నుండి మద్రాసు హైకోర్టు పరిధి ఇక్కడికి విస్తరించినది. తెలుగు మాట్లాడు యానాం చెన్నైలో అప్పీలు చేసికొనుటకు కారణము ఇది. పుదుచ్చేరి ఎటు పోయిన యానాం అటు పోవలసి వచ్చినది.

పల్లెలే గాని గ్రామపంచాయతీ లేదు

పరిపాలనలో యానాం మరియొక విశేషమును చూపును. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతములలో పట్టణములకు మునిసిపాలిటీలును, పల్లెలకు పది కమ్యూన్ పంచాయతీలును ఉన్నవి. యానాంలో కమ్యూన్ పంచాయతీ ఒక్కటియు లేదు. ప్రాంతమంతయు ఒకే మునిసిపాలిటీ. దరియాలతిప్పలో వల ఆరవేసికొను జాలరియు, అడవిపొలములో నాట్లు వేయు కూలియు చట్టము దృష్టిలో పట్టణవాసులే. దీని ఫలితము కాగితము మీద ఆగదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము వంటివి గ్రామీణ ప్రాంతముల కొరకు చేసినవి. గట్టుకు అటు కూలికి దొరకిన ఆ పని గట్టుకు ఇటు కూలికి దొరకలేదు. గ్రామసభ అనునది కూడ ఇక్కడ లేదు.

1880 మార్చి 12 నాటి ఫ్రెంచి శాసనము యానాంను ఒక కమ్యూనుగా చేసి, దానికి సభను, మేయరును ఏర్పరచినది. ప్రాంతమంతయు ఒకే సంఘమను నేటి పద్ధతికి అదియే మూలము. ఇప్పటి మునిసిపాలిటీకి ఆధారము 1973 నాటి పుదుచ్చేరి మునిసిపాలిటీల చట్టము. 1992 లో ఆమోదము పొందిన 74వ రాజ్యాంగ సవరణ ఐదేండ్లకు ఒకమారు పట్టణసభలకు ఎన్నికలు జరుపవలెనని విధించినది. పుదుచ్చేరి ప్రాంతములో 1968 తరువాత స్థానిక ఎన్నికలు జరిగినది 2006 లో. నడుమ 38 సంవత్సరములు గడచినవి. ఆ సభల కాలము 2011 లో తీరినది. 2021 లో ఎన్నికల ప్రకటన వెలువడి, న్యాయవివాదముల నడుమ నిలిచిపోయినది. ఎన్నికైన సభ లేని కాలములో మునిసిపాలిటీ అధికారుల చేతులలో నడచును. పన్ను వసూలగును, చెత్త తీయబడును. ఏ వీథికి ముందు కాలువ కట్టవలెనో వాదించుటకు ఆ వీథివాడు సభలో ఉండడు. యానాం నుండి పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికగువారు ఒక్కరే. వీథి దీపము వెలుగలేదని శాసనసభ్యుని వాకిట నిలువవలసి వచ్చుట ఓటరుకును, శాసనసభకును తగిన పని కాదు.

ప్రాంతమునకు ప్రధానాధికారి రీజనల్ అడ్మినిస్ట్రేటరు. భూమి కాగితముల పని రెవిన్యూ శాఖది. ఇక్కడి కాగితములలో విస్తీర్ణము హెక్టారు, ఆరు, సెంటియారు అను కొలతలలో ఉండును. ఇంటిలో మాట్లాడుకొనునది మాత్రము ఎకరములు, సెంట్లు. ఒక ఎకరము సుమారు 40 ఆరులు, ఒక సెంటు సుమారు 40 సెంటియారులు. సెంటునకును సెంటియారునకును పేరులో పోలిక ఉన్నదని ఒకటిగా తలచి దస్తావేజు వ్రాయించుకొన్నచో నలుబదవ వంతు భూమి మిగులును.

జనన మరణముల నమోదులో కూడ సరిహద్దు అడ్డు వచ్చును. 1969 నాటి చట్టము ప్రకారము జననము ఎక్కడ జరిగినదో అక్కడనే, 21 దినములలో తెలియజేయవలెను. యానాం తల్లి కాకినాడ ఆసుపత్రిలో ప్రసవించినచో బిడ్డ జననము కాకినాడలోనే నమోదగును. యానాం మునిసిపాలిటీ దానిని వ్రాసికొనదు. ఇది తప్పు కాదు, బిడ్డకు నష్టమును లేదు. కాని ఆ పత్రము యానాం నివాసమునకు రుజువు కాజాలదు. వృత్తివిద్యలలో యానాం ప్రాంతమునకు కేటాయించిన సీటు కోరునాటికి నివాస ధ్రువపత్రము కావలెను; అది రెవిన్యూ శాఖ ఇచ్చునది. తల్లిదండ్రుల రేషను కార్డు, బడి పత్రములు ఏటేట దాచుకొన్నవారికి అది సులువు. పదునెనిమిదవ యేట వెదుకుట మొదలుపెట్టినవారు వేసవి అంతయు కార్యాలయముల చుట్టు తిరుగుదురు.

ఏరు పొంగిన వేళ

యానాంకు నీరిచ్చునదియు, యానాంను ముంచునదియు గోదావరియే. ఆ గోదావరి మీది ఆనకట్ట ధవళేశ్వరములో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు అధీనములో ఉన్నది. అక్కడ ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఎగురవేయుదురు. 2022 జూలైలో అది 25 లక్షలను దాటినది. యానాం పల్లపు వీథులు నీట మునిగినవి. హెచ్చరిక ఒక ప్రభుత్వమునుండి వచ్చును, సహాయము మరియొక ప్రభుత్వమునుండి రావలెను. యానాంవాసి తాళ్ళరేవు రెవిన్యూ కార్యాలయములో పేరు వ్రాయించుకొనలేడు. తాళ్ళరేవువాసికి యానాంలో చెల్లదు. ఇల్లు సరిహద్దు వీథిలో ఉన్నవారు తమ ఇంటిపన్ను రసీదు ఏ సంఘము ఇచ్చినదో చూచుకొన్నచో, వరద నాడు ఏ వరుసలో నిలువవలెనో తెలియును.

వరదకును న్యాయస్థానమునకును సంబంధమేమని తోచవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ఉచిత న్యాయసహాయమునకు అర్హులైనవారిని పేర్కొన్నది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధములో ఉన్నవారు, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారు అందులో ఉన్నారు. వీరితో పాటు వరద బాధితులను కూడ చట్టము పేరు పెట్టి చెప్పినది. పరిహారము జాబితాలో పేరు రానివాడు, కోతకు గురియైన లంక భూమి హద్దులు తేలనివాడు ఈ వర్గము క్రింద న్యాయవాదిని ఉచితముగా కోరవచ్చును. వాదించదగిన కారణము ఉన్నదని సంఘము తలచిన చాలును. కోర్టు రుసుము, పత్రముల నకళ్ళు, అనువాదపు ఖర్చు కూడ ఆ సహాయములోనివే. దరఖాస్తు ఎక్కడ ఇవ్వవలెనో యానాం న్యాయస్థానపు కార్యాలయములో అడిగినచో చెప్పుదురు. వ్రాయుట రానివారు నోటిమాటగా చెప్పి వ్రాయించుకొనవచ్చును. పుంత, బోదె, లంక అను మాటలను అక్కడ తెలుగులోనే వ్రాయించుట మంచిది.